మే నెల కోసం దాచిన బలం

మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నదీ, అదే కంపెనీ తొలి తరం ఎర్టిగా డీజిల్‌లో ఉన్నదీ ఒకే ఇంజిన్. ఫియట్ వాళ్లు రూపకల్పన చేసినది, నాలుగు సిలిండర్లు, 1248 సీసీ. స్విఫ్ట్‌లో అది 75 హార్స్‌పవర్ ఇస్తుంది, ఎర్టిగాలో 90 ఇస్తుంది. సిలిండర్ల కొలత మారలేదు, కాల్చే డీజిల్ మారలేదు. తేడాలో పెద్ద వాటా టర్బోచార్జర్‌ది. స్విఫ్ట్‌లో ఉన్నది మామూలు టర్బో. ఎర్టిగాలోది పొగ దారిలో ఉండే చిన్న రెక్కల కోణాన్ని ఇంజిన్ వేగాన్ని బట్టి మార్చుకునే రకం.

గోదావరిఖని చౌరస్తా నుంచి ఎన్టీపీసీ వైపు వెళ్లే దారిలో ఏ గ్యారేజీలో అడిగినా ఈ రెండు అంకెల సంగతి తెలిసినవాళ్లు దొరుకుతారు. "అన్నా, ఆ టర్బో తెచ్చి నా బండికి బిగిస్తే 15 హార్స్‌పవర్ ఊరికే వస్తది గదా" అని అడిగే కుర్రాళ్లూ ఉంటారు. అనుభవమున్న మెకానిక్ ఆ "ఊరికే" దగ్గరే ఆగిపోతాడు.

కార్ల మీద ఈ మోజుకి ఇక్కడ డబ్బు ఆధారం కూడా ఉంది. సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఏటా తన లాభంలో కార్మికులకు వాటా పంచుతుంది. 2024లో అది 33 శాతం, 796 కోట్ల రూపాయలు. దసరా ముందు ఈ డబ్బు చేతికొస్తే బంగారం దుకాణాలతో పాటు కార్ల షోరూములూ కళకళలాడతాయి. అయితే మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది. ఇవాళ రాజీవ్ రహదారి మీద కనిపించే డీజిల్ స్విఫ్ట్ ఏదైనా ఐదేళ్లు దాటినదే. వాటి టర్బోలు అరుగుతున్నాయి. అరిగినదాన్ని మార్చే పనిలోనే "ఇంకొంచెం పెద్దది వేద్దామా" అనే మాట పుడుతుంది. పాత టర్బో, దానికి కొత్త కోర్ (నడిమి భాగం), ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూ ట్యూనింగ్ కలిసి ఒక చిన్న వ్యాపారం అవుతాయి.

టర్బో చేసే పని చెప్పడానికి సులువే. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా మండాలంటే పధ్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. 45 డిగ్రీల ఎండలో అది 13 లీటర్ల గాలి. 1248 సీసీ ఇంజిన్ నిమిషానికి 4000 సార్లు తిరుగుతుంటే తనంతట తాను పీల్చగలిగేది మహా అయితే 2500 లీటర్లు. అంతకు మించి డీజిల్ పోస్తే మండదు, నల్లపొగగా బయటికి పోతుంది. శక్తి కావాలంటే గాలిని ఒత్తి లోపలికి పంపాలి. ఆ ఒత్తే పనికి ఇంజిన్ నుంచే బలం తీసుకుంటే కొంత నష్టం. మరోపక్క ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా సైలెన్సర్‌లోంచి వృథాగా పోతోంది. ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని ఒత్తించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు కోరాడు. అది నిజంగా పనిచేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల్లో జర్మనీ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజన్లకు దాన్ని అమర్చినప్పుడు శక్తి 1750 నుంచి 2500 హార్స్‌పవర్‌కి పెరిగింది.

ఇంతవరకూ అన్నీ లాభాలే. ఇక గోదావరిఖని ఉన్న రామగుండం ఎండ దగ్గరికి వద్దాం.

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు గొట్టం పట్టుకున్న ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. ఎంత వేడెక్కుతుందన్నది లెక్క వేయొచ్చు. బయట 25 డిగ్రీలున్న రోజున గాలి పీడనాన్ని రెట్టింపు చేస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, టర్బో నుంచి బయటికొచ్చే గాలి దాదాపు 118 డిగ్రీలుంటుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ రోజున అదే టర్బో, అదే పీడనంతో, 144 డిగ్రీల గాలిని వదులుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పీడనం రెండింతలైనా సిలిండర్‌లోకి చేరే గాలి బరువు రెండింతలు కాదు, ఒకటిన్నర రెట్లే. దాన్ని ముందు భాగంలో ఉండే ఇంటర్‌కూలర్‌లోంచి పోనిచ్చి 70 డిగ్రీలకు చల్లబరిస్తే 1.85 రెట్లకు చేరుతుంది. గాలి పీడనం తెచ్చే లాభంలో దాదాపు ఐదింట రెండు వంతులు ఆ అల్యూమినియం జాలీ చేతిలో ఉందన్నమాట. ట్యూనింగ్ గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది టర్బో పేరు చెబుతారు. ఇంటర్‌కూలర్ పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ కుర్రాడి కోరిక ప్రకారం పీడనాన్ని రెండు నుంచి రెండున్నర రెట్లకు పెంచుదాం. టర్బోకి ఒక వీలైన పరిధి ఉంటుంది. దాన్ని దాటించి తిప్పితే సామర్థ్యం పడిపోతుంది. 62 శాతానికి పడిందనుకుందాం. 45 డిగ్రీల గాలి లోపలికి వెళ్లి దాదాపు 200 డిగ్రీలతో బయటికొస్తుంది. పీడనం 25 శాతం పెరిగింది. ఇంటర్‌కూలర్‌కి ముందు గాలి బరువు మాత్రం 11 శాతమే పెరిగింది. మిగతాదంతా వేడి. ఆ వేడిని మింగాల్సిన ఇంటర్‌కూలర్ మారలేదు, దాని మీద వీచే గాలి ఎటూ 45 డిగ్రీలే. డ్యాష్‌బోర్డు మీద అతికించిన బూస్ట్ మీటర్ ముల్లు మాత్రం గర్వంగా కుడికి వాలుతుంది. ఆ మీటర్ చూపేది పీడనాన్నే, గాలి బరువును కాదు.

పెట్రోల్ ఇంజిన్‌లో అయితే ఈ వేడి ఇంకా ప్రమాదం. స్పార్క్ రాకముందే, లేదా మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలుతుంది. మెకానిక్‌లు "నాకింగ్" అనేది దీన్నే. పిస్టన్ నెత్తి మీద సుత్తి దెబ్బలు పడ్డట్టే. డీజిల్‌లో ఆ గొడవ ఉండదు గానీ, గాలికి మించిన డీజిల్ పొగలోనూ మండుతూ పోయి టర్బో చక్రాన్ని కాలుస్తుంది. నల్లపొగ వదులుతూ పోయే బండిని చూసి "పవర్" అనుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. ఆ పొగ పూర్తిగా మండని డీజిల్. డబ్బు ఖర్చయింది, శక్తి రాలేదు, టర్బో వేడెక్కింది.

వేడి తర్వాత దుమ్ము. బొగ్గు గనుల ఊరు కాబట్టి బొగ్గు దుమ్మే టర్బోని తింటుందని ఎవరైనా అనుకుంటారు. అసలు దొంగ అది కాదు. బొగ్గు మెత్తటి పదార్థం. ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టినీ రాతినీ, గనుల భాషలో ఓబీని, పేల్చి ఎత్తిపోయాలి. గోదావరి లోయ బొగ్గు పొరల మీద పరుచుకున్నది ఎక్కువగా ఇసుకరాయి. ఇసుకరాయిలో ఉండేది క్వార్ట్జ్, అంటే సిలికా. ఖనిజాల కాఠిన్యం కొలిచే 10 అంకెల మోహ్స్ కొలబద్ద మీద బొగ్గు రెండు, రెండున్నర దగ్గర ఆగిపోతుంది, క్వార్ట్జ్ ఏడు. కంప్రెసర్ చక్రం అల్యూమినియం మిశ్రమం, క్వార్ట్జ్ ముందు అది వెన్న. గనుల్లో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తులను సిలికోసిస్ రూపంలో కొరికేదీ ఈ తెల్లని దుమ్మే.

వేగం సంగతి కూడా చూడాలి. చిన్న కారు టర్బో నిమిషానికి రెండు లక్షల సార్లు తిరగగలదు. చక్రం అడ్డుకొలత 45 మిల్లీమీటర్లయితే దాని అంచు సెకనుకు 470 మీటర్ల వేగంతో పోతుంది. శబ్దం కంటే ఎక్కువ. ఆ వేగంలో కంటికి కనిపించని రేణువు తగిలినా అంచు చెక్కుకుపోతుంది. రెక్క అంచులు మొద్దుబారితే సామర్థ్యం పడిపోతుంది, చక్రం తూకం తప్పుతుంది, ఇరుసు ఊగుతుంది. ఇలాంటి ఊళ్లో కొందరు చేసే మొదటి "మోడిఫికేషన్" ఏమిటంటే, కంపెనీ ఇచ్చిన గాలి డబ్బాను పీకేసి శంఖం ఆకారపు ఓపెన్ ఫిల్టర్ బిగించడం. అది బానెట్ లోపలి వేడిగాలిని పీలుస్తుంది, ఓబీ దుమ్మును లోపలికి రానిస్తుంది. బదులుగా వచ్చేది పీల్చుడు శబ్దం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు "ప్ష్" అనాలని డీజిల్ బండికి బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. పెట్రోల్ ఇంజిన్‌లో త్రాటిల్ తలుపు మూసుకున్నప్పుడు వెనక్కి తన్నే గాలిని వదలడానికి పుట్టిన వాల్వ్ అది. అలాంటి తలుపుతో శక్తిని నియంత్రించని డీజిల్‌కి దానితో పనే లేదు. శబ్దానికి పెట్టిన ఖర్చును నేను తప్పు పట్టను, దానిని ఇంజనీరింగ్ అనకపోతే చాలు.

జపాన్ టర్బో కార్ల మీద ఇక్కడి యువతకున్న ఆరాధన ఎక్కువగా సినిమాల నుంచి, వీడియో గేముల నుంచి వచ్చింది. ఆ కార్లు ఎందుకు అలా పుట్టాయో తెలిస్తే కథ ఇంకా బాగుంటుంది. జపాన్‌లో 2000 సీసీ దాటిన కారుకు పన్ను ఒక్కసారిగా పెరిగేది. ఇంజిన్ పెంచకుండా శక్తి పెంచే దారి టర్బో. 1979లో నిస్సాన్ సెడ్రిక్, గ్లోరియా మోడళ్లతో అక్కడి తొలి టర్బో కారు వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి శక్తి పోటీ ముదిరి, 280 హార్స్‌పవర్ దాటి ప్రకటించకూడదని కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి. 1989 నుంచి 2004 దాకా ఆ మాట నిలబడింది. ఇంజనీర్లు మాత్రం 280కి సరిపడా కట్టి ఊరుకోలేదు. టొయోటా సుప్రాలోని 2జేజెడ్ ఇంజిన్‌కి పోత ఇనుప బ్లాక్ పెట్టారు. అది కంపెనీ చెప్పినదానికి రెండింతల పైన కూడా తట్టుకుంటుందని ట్యూనర్లు కనిపెట్టారు. ఆ ఇంజిన్ పురాణమంతా ఆ మిగులు బలం మీద నిలబడ్డదే.

అదే కాలపు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కథ మరో మాట చెబుతుంది. దాని ఆర్‌బీ26 ఇంజిన్ బ్లాక్ కూడా గట్టిదే. కానీ టర్బోల్లో పొగ తిప్పే చక్రాలు సిరామిక్‌వి. తేలికగా ఉంటే త్వరగా తిరుగుతాయని అలా చేశారు. బూస్ట్ పెంచితే ముందు విరిగేవి అవే. కాబట్టి అక్కడ ఎవరు ట్యూనింగ్ మొదలుపెట్టినా తొలి ఖర్చు లోహపు చక్రాల టర్బోల మీదే. ఒక భాగంలో ఉన్న మిగులు బలం పక్క భాగంలో ఉండాలని లేదు.

ఆ కార్లు మన దగ్గరికి రావడం కష్టం. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవులోనే దించాలి, సుంకం కారు ధరను మింగేస్తుంది. కాబట్టి గోదావరిఖని జపాన్ టర్బో అంటే సుజుకి పేరున్న స్విఫ్ట్, బలేనో ఆర్‌ఎస్, ఫ్రాంక్స్, లేదా టొయోటా ఇన్నోవా.

అంతకంటే పెద్ద జపాన్ టర్బోలు ఇక్కడి గనుల్లోనే ఉన్నాయి. బెంగళూరు బెమెల్ సంస్థ కొమాట్సుతో సాంకేతిక ఒప్పందం చేసుకుని డోజర్లు తయారుచేసింది. స్విఫ్ట్ డీజిల్ వచ్చిన 2007 కంటే చాలా ముందే దేశంలోని బొగ్గు గనుల్లో డి155 డోజర్లు మట్టి నెట్టాయి. దాని ఇంజిన్ పేరు ఎస్6డీ155. ఆరు సిలిండర్లు, డీజిల్, 155 మిల్లీమీటర్ల బోరు, ముందున్న ఎస్ టర్బోకి గుర్తు. పెద్ద డంపర్లలో కనిపించే కమ్మిన్స్ కేటీఏ38 పేరులో టీ అంటే టర్బో, ఏ అంటే ఒత్తిన గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్, 38 అంటే లీటర్లు. స్విఫ్ట్ ఇంజిన్‌కు 30 రెట్లు. గాలిని చల్లబరచడం అంత ముఖ్యమైన పని కాబట్టే దానికి ఇంజిన్ పేరులో చోటిచ్చారు.

డంపర్ గాలి పీల్చే తీరు చూస్తే కారు యజమానికి చాలా తెలుస్తుంది. గాలి ముందు సుడి తిరిగే గొట్టాల్లోంచి పోయి బరువైన దుమ్మును రాల్చేస్తుంది. తర్వాత పెద్ద ఫిల్టర్, దాని లోపల మరో రక్షణ ఫిల్టర్. ఫిల్టర్ మూసుకుపోతే ఎర్ర గుర్తు బయటపడుతుంది. షిఫ్టు దిగేముందు ఆపరేటర్ ఇంజిన్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపుతాడు. టర్బో ఇరుసు బేరింగులో పలచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఎర్రగా కాగిన టర్బోలో నూనె ప్రవాహం ఒక్కసారిగా ఆగితే లోపల మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఆ గట్టి కణాలే తర్వాత బేరింగును గీస్తాయి. జపాన్‌లో ఇదే పనికి "టర్బో టైమర్" అనే డబ్బా అమ్మారు, తాళం తీసినా ఇంజిన్ కాసేపు నడిచి తనంతట తాను ఆగుతుంది. ఇంట్లో డంపర్ ఆపరేటర్ ఉన్న కుర్రాడు ఆ డబ్బా కొనక్కర్లేదు, నాన్నని అడిగితే చాలు.

టర్బోతో ఇంజిన్ శక్తి పెంచడం తప్పేమీ కాదు, కాజీపేట డీజిల్ షెడ్ పట్టాలే సాక్ష్యం. 1962 నుంచి మన రైళ్లు లాగిన డబ్ల్యూడీఎం-2 లోకోలో అమెరికా ఆల్కో కంపెనీ 16 సిలిండర్ల ఇంజిన్ ఉండేది, 2600 హార్స్‌పవర్. అదే ఇంజిన్ ఆధారంగా డబ్ల్యూడీఎం-3ఏ 3100కి, డబ్ల్యూడీఎం-3డీ 3300కి పెరిగాయి. 2600 నుంచి 3100 అంటే సుమారు 19 శాతం. స్విఫ్ట్ 75 నుంచి ఎర్టిగా 90కి 20 శాతం. నిష్పత్తి దాదాపు ఒకటే. రైల్వే చేసిన పని మాత్రం ఒక స్క్రూ తిప్పడం కాదు. మెరుగైన టర్బోచార్జర్‌తో పాటు పెద్ద ఆఫ్టర్‌కూలర్, గట్టి పిస్టన్లు, ఇంధన పంపులు, అన్నీ కలిపి మార్చారు. ఎర్టిగాలోనూ అంతే. రెక్కలు కదిలే టర్బో వెనక దాన్ని నడిపే యాక్చుయేటర్, దానికి ఆజ్ఞలిచ్చే ఈసీయూ, ఆ ఈసీయూ కోసం కంపెనీ రాసిన వేరే లెక్కల పట్టికలు ఉన్నాయి. ఆ టర్బో ఒక్కటే తెచ్చి స్విఫ్ట్‌కి బిగిస్తే రెక్కలు ఎప్పుడు కదలాలో చెప్పేవాళ్లు ఉండరు.

ఈసీయూ ట్యూనింగ్ మాటకొస్తే, కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఇంధన పీడనం, పోసే సమయం, బూస్ట్, అన్నీ కంప్యూటర్ పట్టికల్లో ఉంటాయి. వాటిని తిరగరాయడం రీమ్యాప్. చవక దారి ట్యూనింగ్ బాక్స్. అది ఇంధన పీడనం చెప్పే సెన్సర్ తీగ మధ్యలో కూర్చుని "పీడనం తక్కువగా ఉంది" అని అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పీడనం పెంచుతుంది. అబద్ధం విన్న కంప్యూటర్ తన రక్షణ లెక్కలన్నీ ఆ అబద్ధం మీదే వేస్తుందని డబ్బా అట్టపెట్టె మీద రాయరు.

అయినా బండి వెంటనే పాడవదు. ఎందుకు పాడవదంటే కంపెనీ కొంత బలం దాచి ఉంచింది. ఆ దాచినదాన్ని చూసే "కంపెనీ కావాలనే తక్కువ ఇచ్చింది, మేము తాళం తీశాం" అని ట్యూనర్లు అంటారు. ఇక్కడే నాకు వాళ్లతో పేచీ. ఆ మిగులు 46 డిగ్రీల మధ్యాహ్నం కోసం, సగం మూసుకున్న ఫిల్టర్ కోసం, నాసి డీజిల్ కోసం, ఏడుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కే రోజు కోసం ఉంచినది. ఆసుపత్రి ఖర్చుకని దాచిన డబ్బుతో ఊరేగింపు చేసుకోవచ్చు, డిసెంబరులో ఎవరికీ ఏమీ తెలియదు. రీమ్యాప్ చేసిన బండ్లు చలికాలంలో బాగా నడవడం, ఎండాకాలంలో గ్యారేజీకి రావడం వెనక ఉన్న లెక్క ఇదే. ఫిన్లాండ్‌లోనో జపాన్ కొండ దారుల్లోనో పనిచేసిన పట్టికను గోదావరిఖనిలో ఎక్కిస్తే, అక్కడ వాడకుండా మిగిలినది ఇక్కడ ఇప్పటికే ఖర్చయి ఉంటుంది. ట్యూనింగ్ చేయించుకోదలిచినవాళ్లు పొగ ఉష్ణోగ్రత, ఇంటర్‌కూలర్ దాటిన గాలి ఉష్ణోగ్రత మే నెల మధ్యాహ్నం కొలిచి చూపించమని అడగాలి. చూపించగలిగిన ట్యూనర్ పని తెలిసినవాడు.

ఇక పాత టర్బో కొనడం. విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుప్పేటలోనో, ప్రమాదంలో నుజ్జయిన బండి నుంచి ఊడదీసిన టర్బో కొత్తదాని ధరలో చిన్న భాగానికే దొరకొచ్చు. చేతిలోకి తీసుకోగానే చాలామంది చక్రాన్ని పక్కలకు ఊపి చూసి "ప్లే ఉంది, పోయింది" అంటారు. నూనె పొర మీద తేలేలా చేసిన ఇరుసు నూనె లేనప్పుడు పక్కలకు కొంచెం ఊగడం సహజం, చక్రం గోడకు తగలకపోతే చాలు. చూడాల్సింది ముందుకు వెనక్కు లాగినప్పుడు. అటు కదలిక చేతికి తెలిస్తే థ్రస్ట్ బేరింగ్ అయిపోయినట్టే, ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. తర్వాత కంప్రెసర్ రెక్కల అంచులను వేలితో తడమాలి, దుమ్ము తిన్నదా లేదా అక్కడే తెలుస్తుంది. పొగ వైపు చక్రం మీద చిన్న గాటు ఉన్నా, ఆ ఇంజిన్ నుంచి ఏదో ముక్క విరిగి దాని మీదుగా వెళ్లిందని అర్థం.

అమ్మేవాళ్లు "పెద్ద టర్బో" అని ఊరిస్తారు. పేరులోని అంకెలు చదవడం నేర్చుకుంటే ఆ ఊరింపు తగ్గుతుంది. గారెట్ జీటీ2860 అంటే 28 సిరీస్ ఫ్రేమ్, 60 మిల్లీమీటర్ల కంప్రెసర్ చక్రం. చక్రం పెద్దదైతే ఎక్కువ గాలి తోస్తుంది, నిజమే. కానీ దాన్ని కదిలించడానికి కావాల్సిన ప్రయాస అడ్డుకొలతకు ఐదో ఘాతంలో పెరుగుతుంది. 45 మిల్లీమీటర్ల చక్రం స్థానంలో అదే ఆకారపు 50ది వేస్తే ఆ ప్రయాస దాదాపు 1.7 రెట్లు. అంటే రోడ్డు మీద మీకు రోజూ అవసరమయ్యే నిమిషానికి 1500, 2000 చుట్ల దగ్గర బండి మందగిస్తుంది. లారీని దాటడానికి కాలు నొక్కితే ఏమీ జరగదు, లారీ పక్కకు చేరాక ఒక్కసారిగా ఎగబడుతుంది. రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీల మధ్య అది సరదా కాదు.

చట్టం మాట క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఆ ఏడే వచ్చిన సవరణ, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంది. రేస్ ట్రాక్ మీద నడిపే బండి సంగతి వేరు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయర్ బానెట్ ఎత్తితే కనిపించే మొదటి వస్తువు మార్పులో బిగించిన ఎర్ర గొట్టమే.

సింగరేణిలో ఆయుష్షు తీరిన యంత్రాన్ని "సర్వే ఆఫ్" చేసి వేలంలో తుక్కుగా అమ్మేస్తారు. కారు విడిభాగాల లోకంలో అలాంటి ముగింపు ఉండదు, అన్నీ చేతులు మారుతూనే ఉంటాయి. ట్యూనింగ్ చేయించుకుంటే ఊడదీసిన పాత టర్బో, పాత గాలి డబ్బా, పాత పైపులు అమ్మేయవద్దని తెలిసినవాళ్లు చెబుతారు. బండి అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడు మొదట అడిగేది "ఒరిజినల్ ఉందా" అనే. మార్చిన భాగాలు అమ్మే కుర్రాళ్ల దగ్గర బేరం లేకుండా పోయే సరుకు కూడా అదే, కంపెనీ బిగించిన మామూలు టర్బో.